నూనె చిమ్మి కాలిన చేతికి ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

నిన్న సాయంత్రం జంతికలు వేస్తుండగా కాగిన నూనె చిమ్మి మీ కుడి చేతి వెనుక భాగమూ, చూపుడు వేలూ, మధ్య వేలూ కాలాయనీ, నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయని ఇంట్లో పెద్దవాళ్లు వారించి టూత్‌పేస్టు పట్టించారనీ, తెల్లవారేసరికి రెండు పెద్ద బొబ్బలు లేచాయనీ రాశారు. బొబ్బలు చిదపవచ్చా, ఏ మలాము రాయాలి, డాక్టరుకు చూపించాలా అన్నవి మీ మూడు ప్రశ్నలు. కాలిన గాయాల వార్డులో నర్సుగా చాలాకాలం పనిచేసిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను. మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను. తప్పకుండా చూపించాలి, అదీ ఈరోజే. చేతులు, ముఖం, పాదాలు, మర్మాంగాలు, పెద్ద కీళ్లు కాలినప్పుడు కాలిన మేర ఎంత చిన్నదైనా నిపుణులకు చూపించాలన్నది ఈ వైద్యంలో అందరూ పాటించే నియమం. తొడ మీద నాలుగు వేళ్ల మేర కాలితే మచ్చ మిగులుతుంది. అంతే మేర వేళ్ల కణుపుల మీద లోతుగా కాలితే పిడికిలి మూసుకోకుండా పోవచ్చు.

మీ ఉత్తరం చివర "ఉంగరం కొంచెం బిగుతుగా ఉంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించినది ఆ ముక్కే. కాలిన చేతిలో వాపు మొదటి గంటల్లోనే మొదలై ఒకటి రెండు రోజుల వరకు పెరుగుతూ పోతుంది. పక్కనున్న కాలని వేళ్లు కూడా ఉబ్బుతాయి, ఉంగరం మాత్రం సాగదు. కాబట్టి ఇది చదవగానే చేతిని తలకంటే ఎత్తులో ఐదు నిమిషాలు పట్టుకుని, ఆ తర్వాత ఉంగరమున్న వేలికి సబ్బు నురగ పట్టించి, లాగకుండా అటూ ఇటూ తిప్పుతూ ఉంగరాన్ని జరపండి. రాకపోతే బలవంతం చేయవద్దు. ఆసుపత్రిలో ఉంగరం కోసే చిన్న పరికరం ఉంటుంది, లేదా దగ్గరలోని కంసాలి రెండు నిమిషాల్లో కత్తిరించి తీస్తారు. పెళ్లి ఉంగరం కోయడం అరిష్టమని వెనకాడేవాళ్లను చాలామందిని చూశాను. కోసిన బంగారాన్ని మళ్లీ అతికించుకోవచ్చు గానీ రక్తం అందక నల్లబడిన వేలిని అతికించలేము. ఆ వేలి గోరును నొక్కి వదిలి చూడండి, తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎరుపెక్కాలి. అలా ఎక్కకపోయినా, వేలి కొన చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఒక్క గంట కూడా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. గాజులు, వాచీ, చేతికి కట్టుకున్న దారాలు కూడా ఇప్పుడే తీసేయండి. మట్టి గాజులైతే కాలిన చోటు మీదుగా లాగకుండా, పైన గుడ్డ కప్పి జాగ్రత్తగా చిట్లగొట్టడం మంచిది.

ఇక నీళ్ల సంగతి. మీకు ఇప్పుడు ఆలస్యమైపోయింది కానీ ఇంట్లో మరొకరికి ఇలా జరిగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కనుక కొంత వివరంగా రాయాలి. పొయ్యి ఆర్పాక కూడా బాణలిలో చివరి వాయి వేగుతూనే ఉన్నట్లు, నూనె చర్మం మీద నుంచి జారిపోయాక కూడా చర్మం లోపల వేడి నిలిచి, లోతుకు దిగుతూ, ఇంకా కాలుస్తూనే ఉంటుంది. కాలిన చోట నడిమధ్య భాగం అప్పటికే చనిపోయి ఉంటుంది, దానిని ఎవరూ బతికించలేరు. దాని చుట్టూ దెబ్బతిని, రక్తప్రసరణ మందగించి, బతకాలా చావాలా అన్న స్థితిలో ఉండే పొర ఒకటి ఉంటుంది. మొదటి అరగంటలో మనం చేసే పనిని బట్టే, తర్వాతి రెండు మూడు రోజుల్లో ఆ పొర కోలుకోవడమో, అదీ చనిపోయి గాయం మరింత లోతు కావడమో జరుగుతుంది. ఆ పొరను కాపాడే మందు ఇంట్లో ఏదైనా ఉందంటే అది పారే చల్లని నీరు మాత్రమే.

చేతిని కొళాయి కింద సన్నని ధారలో గడియారం చూసుకుంటూ 20 నిమిషాలు ఉంచాలి. చాలామంది రెండు నిమిషాలు పెట్టి మంట తగ్గిందని తీసేస్తారు, తీయగానే మంట మళ్లీ ఎగదన్నుతుంది, నీళ్లు పనిచేయలేదనుకుని పేస్టు కోసం వెతుకుతారు. వెంటనే కుదరకపోయినా కాలిన 3 గంటల లోపు ఎప్పుడు పెట్టినా కొంత ప్రయోజనం ఉంటుంది. మన ప్రాంతంలో ఒక చిక్కుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే మొదటి నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ముందు ఎడమ చేత్తో చూసుకుని, చల్లబడే దాకా నీళ్లను వదిలేయాలి, లేదా బోరు నీళ్లో, కుండలోని నీళ్లో, తాగే నీళ్ల క్యానులోవో చెంబుతో ధారగా పోయాలి. నీటి ఎద్దడి ఉన్న ఇళ్లలో బేసినులో చెయ్యి ముంచి, నీరు గోరువెచ్చబడినప్పుడల్లా మార్చుకోవచ్చు. ఐసు మాత్రం వద్దు. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేసి, ఇందాక చెప్పిన, బతకాలా చావాలా అన్న స్థితిలోని ఆ పొరకు అందే కొద్దిపాటి రక్తాన్ని కూడా ఆపేస్తుంది, నేరుగా పెడితే ఆ చలే చర్మాన్ని కాల్చేస్తుంది. పసిపిల్లలకు, వృద్ధులకు కాలిన చోటును మాత్రమే తడుపుతూ మిగతా ఒంటికి దుప్పటి కప్పాలి, లేకపోతే శరీరమంతా చల్లబడిపోతుంది.

నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. బొబ్బ అంటే చర్మపు పై పొర కింది పొర నుంచి విడిపోయి, ఆ సందులోకి రక్తనాళాల నుంచి నీరు ఊరడం. అది కాలిన వేడికి వస్తుంది, చాలాసార్లు కొన్ని గంటల తర్వాత గానీ పైకి కనబడదు. ఈలోగా ఎవరో నీళ్లు పోసి ఉంటారు, నింద నీటి మీద పడుతుంది. మీ చేతి మీద నిన్న చుక్క నీరు పడలేదు, అయినా బొబ్బలు లేచాయి కదా, ఇంట్లోవాళ్లకు ఈ మాట నెమ్మదిగా చెప్పి చూడండి.

ఆవిరితో, నూనెతో కాలినవాటి కంటే పాకంతో కాలినవి నన్ను ఎక్కువగా భయపెడతాయి. సంక్రాంతి ముందు అరిసెల పాకం పట్టేటప్పుడు జరిగే ప్రమాదాలలో, మరుగుతున్న నీటి కంటే వేడిగా ఉండే బెల్లం పాకం వేలికి అంటుకుని, అక్కడే గట్టిపడి, వేడిని వదలకుండా పట్టి ఉంచుతుంది. అందరికీ మొదట తోచేది దానిని గోటితో పెకలించడం, అప్పుడు పాకంతో పాటు చర్మమూ ఊడి వస్తుంది. అలాగే నీటి ధార కింద పెడితే చాలు, ముందు పాకం చల్లబడుతుంది, తర్వాత బెల్లం దానంతటదే కరిగిపోతుంది. చీర కొంగో, నైలాన్ చున్నీయో కరిగి చర్మానికి అంటుకున్నప్పుడూ ఇదే పద్ధతి. అంటుకున్న ముక్కను అలాగే వదిలి, చుట్టూ ఉన్న గుడ్డను కత్తెరతో కోసి, నీళ్లు పోస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

టూత్‌పేస్టు గురించి రాశారు కనుక వార్డులో ఏం జరుగుతుందో చెబుతాను. ఎండిపోయిన పేస్టు పచ్చి చర్మం మీద పెంకులా అతుక్కుని ఉంటుంది. గాయం ఎంత లోతో చూడాలంటే ముందు దానిని తొలగించాలి కాబట్టి, సెలైన్ నీటితో నానబెట్టి, తడిపిన గాజ్ గుడ్డ (పల్చని కట్టు గుడ్డ) ముక్కతో కొద్దికొద్దిగా ఒత్తి తీస్తుంటే, కాలినప్పుడు కూడా ఏడవని మనుషులు అప్పుడు ఏడుస్తారు. సిరా, పసుపు, దోసెల పిండి, కోడిగుడ్డు తెల్లసొన, వెన్న, నెయ్యి, కాఫీ పొడి, ఉప్పు, ఇలా ప్రతి ఇంటికీ ఒక వైద్యం ఉంటుంది. వీటిలో జిడ్డువి వేడిని లోపలే బంధిస్తాయి, పిండీ గుడ్డూ సూక్ష్మజీవులను తెచ్చిపెడతాయి. రంగువి గాయం అసలు రంగును కప్పేస్తాయి, ఆ రంగును చూసే మేము లోతును అంచనా వేస్తాము. మందుల షాపుల్లో దొరికే పసుపుపచ్చని కాలిన గాయాల క్రీముతోనూ ఇదే ఇబ్బంది. పెరట్లోని కలబంద ఆకు కోసి గుజ్జు పట్టించడమూ పచ్చి గాయానికి మంచిది కాదు, మట్టిలో పెరిగిన ఆకు ఎంత కడిగినా శుభ్రమైన మందు కాదు. అయితే వీటన్నిటి వల్ల జరిగే అసలు నష్టం, ఇవి రాయడంలో నీళ్లకు దక్కవలసిన ఆ 20 నిమిషాలు గడిచిపోవడమే.

ఇప్పుడు మీరు చేయవలసింది, మామూలు కొళాయి నీటి కింద చెయ్యి పెట్టి, మరో చేతికి వాసన లేని సబ్బు నురగ చేసుకుని, ఆ పేస్టును నానబెట్టి పోయినంత వరకు మెల్లగా కడగడం. రుద్దకూడదు, పోనిది అలాగే ఉండనివ్వండి, ఆసుపత్రిలో తీస్తారు. బొబ్బలను చిదపవద్దు. బొబ్బ పైనున్న చర్మం కింది పచ్చి పొరకు కట్టు లాంటి రక్షణ ఇస్తుంది, మనం కొనే ఏ గాజ్ గుడ్డా అంత బాగా అతకదు. అయితే కణుపు మీద లేచి వేలు వంగనివ్వని పెద్ద బొబ్బను, చిట్లిపోయేలా బిగిసిన బొబ్బను డాక్టరే శుభ్రమైన పరికరాలతో తెరవవచ్చు, అలా చేస్తే కంగారు పడకండి. దారిలో అదే చిట్లితే, వేలాడే చర్మాన్ని కత్తిరించకుండా కడిగి కప్పేయండి.

కప్పడానికి ఏది దొరికితే అది వాడకూడదు. దూది అస్సలు వద్దు, దాని పోగులు గాయంలో చిక్కుకుని మళ్లీ రావు. వంటింట్లో ఆహారం మీద కప్పే పల్చని ప్లాస్టిక్ పొర ఉంటే, పైనున్న ఒక చుట్టు తీసి పారేసి, తర్వాతి ముక్కను చేతి మీద నిలువుగా పరవండి. చుట్టూ తిప్పి కట్టవద్దు, వాపు పెరిగితే అది బిగుసుకుంటుంది. అది లేకపోతే శుభ్రమైన కొత్త ప్లాస్టిక్ సంచీలో చెయ్యి వదులుగా పెట్టుకోవచ్చు, లేదా ఉతికి ఇస్త్రీ చేసిన పాత నూలు పంచె ముక్క తడిపి కప్పవచ్చు. కాలిన రెండు వేళ్ల మధ్య తప్పకుండా వేరే గుడ్డ ముక్క పెట్టండి. పచ్చి చర్మం పచ్చి చర్మానికి ఆనుకుని ఉంటే మానేటప్పుడు అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

మలాము విషయంలో, డాక్టరు చూసేదాకా ఏదీ రాయకపోవడమే మేలు. మందుల షాపులో అడగగానే చేతిలో పెట్టే తెల్లని సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము లోతైన గాయాలకు చాలాకాలంగా వాడుతున్న మందే గానీ, పైపైన కాలినవాటిని అది త్వరగా మాననివ్వదు. గాయం మీద పల్చని బూడిదరంగు పొర కట్టి లోతు తెలియకుండా చేస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లకు, నెలలు నిండుతున్న గర్భిణులకు, రెండు నెలల లోపు పసిబిడ్డలకు ఇది పనికిరాదు. మీ గాయం లాంటిదానికి సాధారణంగా పారాఫిన్ అద్దిన గాజ్ గుడ్డ వేసి, పైన పొడి గాజ్ గుడ్డతో ప్రతి వేలికీ విడివిడిగా కట్టు కడతారు.

నొప్పికి పెద్దవాళ్లు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్ర ఒకటి లేదా రెండు ఆరేసి గంటలకు వేసుకోవచ్చు, రోజు మొత్తానికి 4 గ్రాములు మించకూడదు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరునడిగే వేసుకోవాలి. పిల్లలకు బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. గత ఐదేళ్లలో టెటనస్ ఇంజెక్షన్ వేయించుకున్న గుర్తు లేకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పండి, కాలిన గాయాల నుంచీ ధనుర్వాతం రావచ్చు.

నొప్పి గురించి జనంలో ఒక తప్పు అంచనా ఉంది. ఎర్రబడి, తాకితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కే చర్మం, తడిగా గులాబీరంగులో ఉండి గాలి తగిలినా మండే బొబ్బల గాయం, ఇవి బాధపెట్టినా చాలావరకు రెండు వారాల్లో మానిపోతాయి. తెల్లగా మైనంలా, లేదా గోధుమరంగు తోలులా గట్టిగా ఉండి, సూదితో తాకినా తెలియని చోటు ఉంటే, నొప్పి లేదు కాబట్టి ఫరవాలేదని ఊరుకుంటారు. అక్కడ నరాల కొనలు కాలిపోవడం వల్లే నొప్పి లేదు. ఒకే గాయంలో రెండు రకాలూ పక్కపక్కనే ఉండవచ్చు. నూనె నీటి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, జిడ్డుగా అంటుకుని ఉంటుంది కాబట్టి, నూనెతో కాలిన చోట మధ్యలో ఇలాంటి తెల్లని మచ్చ ఉందేమో ప్రత్యేకంగా చూస్తాము. మీరూ వెలుతురులో ఒకసారి చూసుకుని, ఉంటే డాక్టరుకు ఆ సంగతే ముందు చెప్పండి. మీకు గానీ, మీరు ఎవరికైనా సాయం చేస్తున్నప్పుడు వాళ్లకు గానీ చక్కెర వ్యాధి ఉంటే, నొప్పి తక్కువగా తెలిసే అవకాశం, గాయం నెమ్మదిగా మానే అవకాశం రెండూ ఉంటాయి కాబట్టి దేనినీ చిన్న గాయమని వదలకూడదు.

కరెంటు షాకు తగిలి చెయ్యి కాలితే పైకి కనిపించేది పిసరంత, లోపలిది చాలా ఎక్కువ. ముందు మెయిన్ ఆపి, చిన్న గాయమే అయినా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి. బాత్రూము కడిగే యాసిడ్ పడితే 20 నిమిషాలు సరిపోవు, ఇంకా ఎక్కువసేపు నీళ్లు పోయాలి. పొడి సున్నం పడితే మాత్రం ముందు పొడి గుడ్డతో దులిపేసి, ఆ తర్వాతే నీళ్లు పోయాలి.

వెళ్లడానికి దగ్గరలో పెద్ద ఆసుపత్రి లేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా కడిగి, కట్టు కట్టి, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి, అవసరమైతే పైకి పంపుతారు. హైదరాబాద్ ఉస్మానియాలో, విశాఖపట్నం కేజీహెచ్‌లో కాలిన గాయాలకు ప్రత్యేక వార్డులున్నాయి. ముఖం కాలినా, పొగ పీల్చినా, కాలిన మేర గాయపడిన మనిషి సొంత అరచేతిని వేళ్లతో సహా పరిచినంత కొలతకు పదింతలు దాటినా, పసిపిల్లలకు ఎంత మేర కాలినా, 108కి ఫోను చేయడానికి ఆలోచించవద్దు. ఆ ఒక్క అరచేతి కొలత సుమారుగా ఒంటి మీద నూటికి ఒక వంతు, ఫోనులో ఆ లెక్క చెబితే అవతలివాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి పథకం వర్తిస్తుందేమో మొదటిరోజే అడగండి, ఆరోగ్యశ్రీ మొదటినుంచీ కాలిన గాయాల చికిత్సలను కలుపుకునే నడిచింది.

కట్టు కట్టించుకుని వచ్చాక మీ చేతిలో ఉండే పనులు రెండు. మొదటి రెండు మూడు రోజులు చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. కూర్చున్నప్పుడు సోఫా చేతి మీద దిండు వేసి, పడుకున్నప్పుడు పక్కన రెండు దిండ్లు పేర్చి దాని మీద పెట్టుకోండి. వేలాడదీసి తిరిగితే వాపు తగ్గదు. రెండోది, డాక్టరు వద్దనకపోతే, మేలుకుని ఉన్నంతసేపూ గంటకోసారి వేళ్లను పూర్తిగా చాపి, పిడికిలి ముడిచి, బొటనవేలి కొనను ఒక్కొక్క వేలి కొనకూ తాకించడం. నొప్పి పుట్టిన చెయ్యి తనకు హాయిగా ఉండే భంగిమలోకి, మణికట్టు కిందికి వంగి, వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకునే భంగిమలోకి వెళ్లిపోతుంది. చేతి వెనుక చర్మం చాలా పల్చన, దాని కిందనే వేళ్లను చాపే స్నాయువులు ఉంటాయి. వాపు గట్టిపడేలోగా కదిలించిన చెయ్యికీ, కదపకుండా గుడ్డ జోలెలో వేసుకుని ఉంచిన చెయ్యికీ నెల తర్వాత కనిపించే తేడా నేను ఎన్నోసార్లు చూశాను.

జ్వరం వచ్చినా, కట్టు నుంచి దుర్వాసన వచ్చినా, ఎర్రదనం చేతి మీదుగా పైకి పాకుతున్నా, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, తర్వాతి కట్టు రోజు వరకు ఆగకుండా వెళ్లండి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని పథ్యం పెడతారేమో, దానికి ఒప్పుకోవద్దు. కొత్త చర్మం పుట్టడానికి మాంసకృత్తులే కావాలి కాబట్టి పప్పు, గుడ్డు, పాలు, చేపలు అన్నీ మామూలుగానే తినవచ్చు. గాయం పూర్తిగా మూసుకున్నాక కొత్త చర్మం పొడిబారి దురద పెడుతుంది. కొబ్బరినూనెకు అప్పుడు అవసరం వస్తుంది, రోజుకు రెండు మూడుసార్లు మెల్లగా మర్దన చేయండి. ఎండ తగిలితే కొత్త చర్మం నల్లబడి ఆ మచ్చ చాలాకాలం పోదు కనుక, ఒక ఏడాది పాటు బయటికి వెళ్లేటప్పుడు పొడుగు చేతుల చొక్కానో, నూలు తొడుగో వేసుకోండి. రెండు వారాలు దాటినా మానని చోటు ఏదైనా మిగిలితే, మూడో వారం ముగిసేలోగా ప్లాస్టిక్ సర్జనుకు చూపించాలి, అంతకు మించి ఆలస్యంగా మానిన చోట గట్టి మచ్చ కట్టే అవకాశం ఎక్కువ. గాయం మానాక కూడా పిడికిలి పూర్తిగా మూసుకోకపోతే, ఫిజియోథెరపీకి పంపమని మీరే నోరు తెరిచి అడగండి.